కారు, ట్రాక్టరు రంగులకు ఇంటివద్ద మెరుగు పెట్టుట

(చిలకలూరిపేటలో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పత్తి గురించో, మిరప గురించో చెప్పవలసినవాడు బండి రంగు గురించి చెప్పుటేమని మీలో కొందరికి తోచవచ్చును. ఈ సమావేశమునకు వచ్చునపుడు బయట చెట్లక్రింద నిలిపిన బండ్లను చూచినాను. ట్రాక్టర్లున్నవి, కార్లున్నవి. కొన్నిటి బానెట్ల మీద చేయి వేసిన సుద్ద అంటినట్లు రంగు అంటుచున్నది. కొన్నిటి మీద ఎండ పడగానే సాలెగూడు వంటి గీతలు కనిపించుచున్నవి. ఇవన్నియు వయసు వలన వచ్చినవి కావు. సగము ఎండ వలన వచ్చినవి. తక్కిన సగము మన చేతులతో మనమే చేసినవి.

ఒంగోలు గిత్తలకు పుట్టినిల్లు మన ప్రాంతము. ఏరువాక పౌర్ణమినాడు ఎడ్లను చెరువునకు తోలి, కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టుట మన పెద్దల ఆచారము. ఎద్దు ఒళ్ళు నిగనిగలాడుచున్నదంటే ఆ యింట మేతయు, శ్రద్ధయు ఉన్నవని ఊరు అనుకొనెడిది. నేడు ఆ ఎడ్ల కొట్టములో అనేకుల యిండ్ల ట్రాక్టరో, కారో నిలిచియున్నది. అయితే ఒక భేదము కలదు. ఎద్దుకు చర్మము గీరుకొనిన కొద్దిదినములలో మరల వచ్చును. ఇనుపబండికి ఆ శక్తి లేదు. దాని చర్మము రంగే. అది అరిగినచో తిరిగి రాదు. డబ్బు పెట్టి వేయించుకొనవలసినదే.

నేను చేసిన తప్పు

నేనీ విషయమును పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. 2021 దసరాకు మా నాన్నగారి ట్రాక్టరును ఆయుధపూజకు సిద్ధము చేయుదమని ఇంటికి వెళ్ళినాను. బానెట్టు ఎరుపు వెలిసి ఇటుకరంగు తేలినది. బజారుకు పోయి అన్నిటికంటె ఘాటైన కాంపౌండు డబ్బా కొన్నాను. స్నేహితుని వద్ద వేగముగా తిరుగు పాలిషు మిషను అరువు తెచ్చినాను. వేపచెట్టు క్రింద బండిని పెట్టి మొదలుపెట్టినాను. మధ్యభాగము అద్దమువలె మెరిసినది. ఆ ఉత్సాహములో బానెట్టు అంచుకు పోయినాను. ఒక వక్కపలుకు నమలునంత సేపయినను కాలేదు, ఎరుపు పోయి క్రింద ప్రైమరు బూడిదరంగు బయటపడినది.

నాన్నగారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "పొలంలో మట్టి కొట్టుకుపోతే వానని తిట్టుకుంటాం. దీనికి ఎవర్ని తిట్టుకుందాంరా అబ్బాయ్?" అన్నారు.

ఆ పంటకాలములోనే మిరపతోటలకు నల్ల తామరపురుగు వచ్చినది. మీకు తెలియనిది కాదు. పూత పూతగానే రాలిపోయినది. అప్పు తీర్చుటకు 2022 వేసవిలో ట్రాక్టరు అమ్మవలసి వచ్చినది. కొనవచ్చిన పెద్దమనిషి ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. ముందుగా ఆ బూడిదరంగు మచ్చ మీద వేలు పెట్టి, "బండి ఎక్కడన్నా తిరగబడిందా?" అని అడిగినాడు. కాదని ఎంత చెప్పినను అనుమానము పోలేదు. బేరము అక్కడినుండి క్రిందికే దిగినది. ఎంత దిగినదో చెప్పను. చేతిలో పైసా లేని దినములలో అది చిన్న మొత్తము కాదని మాత్రము చెప్పగలను.

కాబట్టి నా ప్రసంగము యొక్క సారమును ముందే చెప్పుచున్నాను. పాలిషు రంగుకు మేత కాదు, కోత. పాలిషు పట్టిన ప్రతిసారి కొంత రంగు పోవును. తక్కువగా రుద్దవలెను, ఎక్కువగా కాపాడవలెను.

రంగు పొర మందమెంత?

నేటి కార్ల రేకు మీద సాధారణముగా నాలుగు పొరలుండును. రేకును అంటి తుప్పు పట్టకుండ కాపాడు పొర మొదటిది. దానిపై ప్రైమరు. ఆ పైన అసలు రంగు. అన్నిటికంటె పైన నీళ్ళవలె స్వచ్ఛముగా నుండు పొర. దీనినే క్లియర్ కోటు అందురు. మెరుపు నిచ్చునది, ఎండలోని అతినీలలోహిత కిరణములను అడ్డుకొనునది ఈ పై పొరయే. నాలుగు పొరలు కలిసి సుమారు 100 నుండి 150 మైక్రానులు. వెయ్యి మైక్రానులు ఒక మిల్లీమీటరు. పై పొర ఒక్కటే సుమారు 40, 50 మైక్రానులు.

ఈ లెక్క మనసున పట్టుటకు ఒక పని చేయుడు. మీ చేలో విచ్చిన పత్తికాయ నుండి ఒక్క పోగు లాగి చూడుడు. దాని వెడల్పు సుమారు 12 నుండి 20 మైక్రానులు. అట్టి పోగులు మూడు ఒకదానిపై ఒకటి పేర్చినచో ఎంత మందమో, మీ కారును ఎండనుండి కాపాడు పొర ఇంచుమించు అంత మందము. అందులో కొద్ది మైక్రానులు మాత్రమే రుద్ది తీయుటకు వీలగును. అంతకు మించి తీసినచో పైకి మెరియుచున్నను లోపల బలము పోయినట్లే. ఒకటి రెండు వేసవులలో పొర పెచ్చులుగా లేచును.

మన నల్లరేగడి భూములలో బలమంతయు పైమట్టిలో నున్నదని మీకు తెలియును. క్రింద ఎన్ని అడుగుల నేల యున్నను, పై జానెడు కొట్టుకొని పోయిన పంట పండదు. బండి రంగు కూడ అట్టిదే.

ట్రాక్టర్లలో అనేకమునకు పైన స్వచ్ఛమైన పొర వేరుగా నుండదు. రంగే పై పొర. మీ బండి ఏ రకమో తెలిసికొనుటకు తేలికయైన పరీక్ష కలదు. కడిగి ఆరిన తరువాత, కనబడని చోట తెల్లని గుడ్డకు కొద్దిగా సన్నరకపు పాలిషు అద్ది రుద్దుడు. గుడ్డకు బండి రంగు అంటినచో అది ఒకే పొర రంగు. అంటనిచో పైన క్లియర్ కోటు ఉన్నదన్నమాట.

కాంపౌండు అలవాటు ఎక్కడిది?

పాతకాలపు డ్రైవర్లు నెలకొకసారి కాంపౌండు పట్టించెడివారు గదా, వారు తెలివితక్కువవారా అని మీరు అడుగవచ్చును. కాదు. వారి రంగు వేరు.

పూర్వము కార్లకు కుంచెతో వార్నీషు పూసెడివారు; అది ఆరుటకు వారములు పట్టెడిది. 1923లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ వారి 'డ్యూకో' అను రంగును జనరల్ మోటార్స్ వారు తమ ఓక్లండ్ కార్లకు వేయ మొదలుపెట్టిరి. అది త్వరగా ఆరు రంగు. దానికి మూలపదార్థము నైట్రో సెల్యులోజు. నైట్రో సెల్యులోజు దేనినుండి వచ్చునో తెలిసిన మీరు సంతోషింతురు. జిన్నింగు మిల్లులో పింజ తీసిన తరువాత పత్తిగింజను అంటిపెట్టుకొనియుండు పొట్టి నూగునుండి! అనగా ఒకప్పటి కారు మెరుపులో పత్తిరైతు చెమట కూడ కలదు.

ఆ రకపు రంగులు ఎండకు వెలవెలబోయెడివి. కాంపౌండుతో రుద్దిన, వెలిసిన పై భాగము పోయి క్రిందనున్న రంగు బయటపడి మెరిసెడిది. అందుచేత రుద్దుట అలవాటైనది. 1980 తరువాతి దశాబ్దములలో క్లియర్ కోటు కార్లు అంతటను వ్యాపించినవి. రంగు మారినది, అలవాటు మారలేదు. పాత నాటు పత్తికి వేసిన ఎడమును, ఎరువును హైబ్రిడు పత్తికి వేసినట్లున్నది మన పని.

ముందు జబ్బు తెలిసికొనుడు

ఆకు పచ్చబడినదని చెప్పగానే మందు కొట్టమని ఏ వ్యవసాయాధికారియు చెప్పడు. నీరెక్కువైనదా, పురుగు పట్టినదా, పోషకము తగ్గినదా అని చూచును. రంగుకు కూడ అట్లే చూడవలెను. బండిని శుభ్రముగా కడిగి, నీడలో ఒకమారు, ఎండలో ఒకమారు పరీక్షింపుడు.

1. చేతికి గరుకు: పలుచని ప్లాస్టిక్ సంచిలో చేయి దూర్చి రేకుపై మెల్లగా రాయుడు. ఇసుకవలె తగిలినచో ఏవో రేణువులు అంటుకొని యున్నవి. దీనికి క్లే బారు చాలును. పాలిషు అవసరము లేదు.

2. తెల్లని నీటి మచ్చలు: బోరు నీటిలోని సున్నము, మెగ్నీషియము వలన వచ్చును. నీళ్ళు కాచు కాగులో తెల్లగా గార కట్టునది ఇదే. తెల్ల వెనిగరులో సమానముగా మంచినీరు కలిపి గుడ్డతో అద్ది, ఒక నిమిషములో బాగుగా కడిగివేయవలెను. ఎండలో చేయరాదు.

3. సాలెగూడు గీతలు: పొడి గుడ్డతో దుమ్ము తుడుచుట వలన వచ్చునవి. సన్నరకపు పాలిషుతో తగ్గును.

4. సుద్దవలె వెలియుట: ఒకే పొర రంగులో ఎక్కువ. సన్నరకముతో మొదలుపెట్టి, లొంగనిచో మధ్యరకము వాడవలెను.

5. లోతు గీత: వ్రేలిగోరు అడ్డముగా నడుపుడు. గోరు తట్టుకొనినచో పాలిషుతో పోదు. పోగొట్టబోయిన చుట్టునున్న రంగు పోవును. కొద్దిగా అంటింపు రంగు పూసి వదలివేయుడు.

6. తుప్పు, పెచ్చులూడుట: ఇది పాలిషు పని కాదు. సన్న ఉప్పుకాగితముతో తుప్పు తీసి, ప్రైమరు పెట్టి, రంగు వేయవలెను. కలకత్తా–మద్రాసు రహదారి మీద తిరుగు బండ్లకు లారీ చక్రముల నుండి ఎగిరిన రాళ్ళు తగిలి ఇట్టి గాట్లు పడుచుండును. ఆవగింజంత గాటును ఆ వారమే సరిచేసిన, వానకాలము నాటికి అది రూపాయి బిళ్ళంత కాదు.

బజారులో ఏమి కొనవలెను?

దుకాణములో డబ్బాలు వరుసగా నుండును. అన్నిటి మీదను మెరియుచున్న కారు బొమ్మయే యుండును. బొమ్మను చూడక, ఆ డబ్బా ఏ పని చేయునో అడుగుడు. అవి రెండే జాతులు. ఒకటి రంగును అరగదీయునది, రెండవది రంగును కప్పి కాపాడునది.

అరగదీయు జాతిలో కాంపౌండు ముతకది, పాలిషు సన్ననిది. రెంటిలోను అల్యూమినియము ఆక్సైడు వంటి గట్టి పదార్థపు పొడి యుండును. చీమకుర్తి, బల్లికురవ, మార్టూరు వైపు గ్రానైటు ఫ్యాక్టరీలు చూచినవారికి ఇది కొత్త కాదు. అక్కడ రాతిని ముతక బిళ్ళతో మొదలుపెట్టి, క్రమముగా సన్న బిళ్ళలతో నునుపు చేసి, అద్దమువలె తెత్తురు. పద్ధతి ఒక్కటే. కాని రాతిపలక అంగుళముల మందము. మన పై పొర మూడు పత్తి పోగుల మందము. కనుక అక్కడివలె ముతకతో మొదలుపెట్టరాదు. ఇంటివద్ద సన్నరకముతోనే మొదలుపెట్టవలెను.

కాపాడు జాతిలో మైనము, పాలిమరు పూతలు, సిరామిక్ పూతలు కలవు. మంచి మైనములలో కార్నౌబా పేరు వినియుందురు. అది బ్రెజిలు దేశపు ఈశాన్య ప్రాంతములో పెరుగు ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనము. ఆ మెట్ట ప్రాంతపు ఎండలో ఆకులోని తడి ఆరిపోకుండ ఆ చెట్టు తయారుచేసికొనిన కవచమది. సుమారు 82 డిగ్రీల సెంటిగ్రేడు దాటినగాని కరుగదు. తామరాకు మీద, చామాకు మీద నీటిబొట్టు నిలువక జారిపోవుట మీకు తెలియును. క్యాబేజీకి మందు కొట్టునపుడు జిగురుమందు ఎందుకు కలుపుదురు? ఆకుమీది మైనము నీటిని నిలువనీయదు కనుక. బండిమీద మైనము అదే పని చేయును. నీరు బొట్లుబొట్లుగా జారిపోవుచున్నంత కాలము మైనమున్నట్లు; నీరు పరచుకొని నిలిచిన, మైనము అయిపోయినట్లు.

సిరామిక్ పూత ఎక్కువకాలము నిలుచును, ఖరీదు కూడ ఎక్కువ. అది రాయి తగిలినను గీత పడని కవచమని ఎవరైన చెప్పిన నమ్మవలదు. పైగా క్రిందనున్న గీతలను అట్లే మూసి పెట్టును. పొలము గట్ల మీద తిరుగు బండికి రెండు మూడు నెలలకొకసారి మైనము పెట్టుట చవుక, సులభము.

మొదటిసారి కొనువారు ఈ వరుసలో కొనుడు: కార్ల షాంపూ ఒక సీసా, బకెట్లు రెండు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు, మైనము డబ్బా ఒకటి. వీటితో ఆరు నెలలు గడిపి చూడుడు. అప్పటికిని గీతలు బాధించినచో సన్నరకపు పాలిషు చిన్నసీసా, స్పాంజి బిళ్ళలు రెండు కొనుడు. ముతక కాంపౌండు ఇంటిలో ఉంచనే వలదు. చేతిలో ఉన్న మందు కొట్టబుద్ధి యగును.

పత్తి పండించు మనము గుడ్డలు కొనుటేమని అడుగవచ్చును. కుట్టు, గుండీ లేని మెత్తని పాత నూలుగుడ్డ మైనము తుడుచుటకు పనికివచ్చును. కాని షెడ్లలో వాడు బనియన్ వేస్టు, జిన్నింగు మిల్లు చెత్తపత్తి రంగుమీద పెట్టరాదు. వాటిలో ఇనుపరజనో, గింజ పెచ్చులో దాగియుండును.

కడుగుట సగము మెరుగు

పాలిషు కంటె ముఖ్యమైనది కడుగుట. నల్లమట్టి మెత్తగా కనిపించినను దానితో కలిసి ఇసుక రేణువులుండును. ఇసుక గాజును సైతము గీయగలదు, రంగు ఎంత? దినమును ప్రొద్దుటే పొడిగుడ్డతో బండి దుమ్ము దులుపు శ్రద్ధావంతులు మీలో ఉన్నారు. వారి బండ్ల మీదనే సాలెగూడు గీతలు ఎక్కువ. కడుగుటకు తీరిక లేనినాడు దుమ్మును అట్లే ఉండనిండు. ముట్టకున్న అది గీయదు.

కడుగు విధము: ప్రొద్దుటనో సాయంకాలమో, నీడలో, రేకు చల్లగా నున్నపుడు మొదలుపెట్టవలెను. ముందు ఉత్త నీటితో దుమ్ము, మట్టి పోవునంతవరకు ధారపోయుడు. ఎండిన మట్టిపెళ్ళలను నానబెట్టవలెనే గాని గీకరాదు. ఒక బకెట్టులో షాంపూ నీరు, రెండవదానిలో ఉత్త నీరు పెట్టుకొనుడు. పైకప్పు నుండి క్రిందికి కడుగుడు. ఒక భాగము కడిగిన వెంటనే గుడ్డను ఉత్త నీటిలో పిండి, తరువాతనే షాంపూ నీటిలో ముంచవలెను. చక్రములకు, మడ్గార్డుల అడుగునకు వేరే గుడ్డ ఉంచుడు. చివర నీరు ఆరిపోకముందే తుడిచివేయుడు. లేనిచో బోరు నీటి మచ్చ నిలుచును. వాననీరో, కాలువ నీరో దొరికిన చివరి బకెట్టుకు అది వాడుట మేలు.

బట్టల సబ్బుపొడి, చాకలిసోడా వాడరాదు. అవి జిడ్డుతో పాటు మైనమును కూడ తీసివేయును.

పాలిషు పట్టు విధము

కడిగి ఆరిన తరువాత, అవసరమున్న చోట్ల క్లే బారును జారుడు నీటితో తడిపి, బరువు వేయక అటునిటు జరుపుడు. అది నేలపై పడినచో పారవేయుడు. కడిగి వాడుదమనుకొనుట పొరపాటు. ఇసుక దానిలో దిగబడి యుండును.

తరువాత రబ్బరు భాగములు, స్టిక్కర్లు, రేకు అంచులు, బానెట్టు మడతలు అంటింపు టేపుతో కప్పుడు. అంచులవద్ద రంగు పలుచగా నిలుచును; అక్కడనే త్వరగా అరుగును. నేను తప్పు చేసినదక్కడనే.

ముందు మడి కట్టి చూడవలెను. కొత్త విత్తనమును పొలమంతట వేయక ఒక మడిలో వేసి చూచినట్లు, బానెట్టు మీద అడుగున్నర చదరములో పని చేసి చూడుడు. స్పాంజి బిళ్ళ మీద శనగగింజలంత బొట్లు మూడు నాలుగు చాలును. చేతితో, సమానమైన బరువుతో, నిలువు వరుసలుగా రుద్ది, తరువాత అడ్డ వరుసలుగా రుద్దుడు. ప్రతి వరుస ముందుదానిని సగము కప్పవలెను. రెండు మూడు నిమిషముల తరువాత శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఎండవెలుగులో చూడుడు. గీతలు ముప్పాతిక పోయిన చాలును. తక్కిన పాతికను పోగొట్టుటకై పొరను పాడుచేసికొనవలదు. మడిలో ఫలితము బాగున్న, అదే పద్ధతిని తక్కిన బండికి వాడుడు. బాగులేనిచో మరొకసారి అదే సన్నరకము. అప్పటికిని లొంగనిచో మధ్యరకము.

మిషను కావలెనన్నవారు ఊగుచు తిరుగు రకమును, అనగా డ్యూయల్ యాక్షన్ మిషనును వాడుడు. ఒకేచోట గిరగిర తిరుగు రకము వేడి పుట్టించి క్షణములో రంగును కాల్చును. అది చేయి తిరిగిన మేస్త్రి పని. ఏ మిషను వాడినను పంచె అంచు, భుజము మీది తువాలు దగ్గరకు రానీయకుడు. తడి నేలమీద నిలిచి కరెంటు మిషను పట్టరాదు.

పాలిషు పొడి తుడిచిన తరువాత మైనము పెట్టవలెను. పలుచగా, చర్మమునకు నూనె రాచినంత పలుచగా పూసి, తెల్లగా మసకబారిన తరువాత మెత్తని గుడ్డతో తుడువుడు. మందముగా పూసిన గుడ్డకే పోవును గాని బండికి అదనపు మేలు లేదు. నల్లని ప్లాస్టిక్ భాగములకు అంటనీయకుడు. తెల్ల చారలు నిలుచును.

ఈ పాలిషు పని సంవత్సరమునకొకసారి మించి చేయవలదు. మైనము రెండు మూడు నెలలకొకసారి పెట్టవచ్చును.

పురుగుమందులు, ఎరువులు

మన బండ్లకు పట్టణపు కార్లకు లేని కష్టములు రెండు కలవు. యూరియా, పొటాషు, సూపరు బస్తాలు మోసిన ట్రక్కులో రాలిన గుళికలు తేమను పీల్చి ఇనుమును తినివేయును. మోసిన నాడే ఊడ్చి, నీటితో కడుగవలెను. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు తోలుటకు ముందు కడుగుదమనుకొనిన, అప్పటికే తుప్పు మొదలగును.

రెండవది పురుగుమందులు. ఇ.సి. రకపు మందులలో ద్రావకములుండును. అవి రంగుమీద పడి ఎండిన మచ్చ వేయును. మందు కొట్టిన సాయంకాలమే ట్రాక్టరును కడుగుడు. ఇది రంగు కొరకు మాత్రమే కాదు. ఆ మడ్గార్డు మీదనే మీ పిల్లలు ఎక్కి కూర్చుందురు. కడుగునపుడు చేతికి తొడుగులు వేసికొనుడు. ఆ నీరు గొడ్ల తొట్టిలోకి, బావిలోకి, కాలువలోకి పోరాదు. పురుగుమందు డబ్బాను కడిగి షాంపూ బకెట్టుగా వాడుట, మందు కొట్టు స్ప్రేయరుతో కారుకు నురగ కొట్టుట కూడ చూచుచున్నాము. అట్టి పని చేయరాదు. రంగు పోయిన వేయించుకొనవచ్చును. చేతిద్వారా ఒంటిలోనికి పోయిన విషమును తీయుట తేలిక కాదు.

రైతులు అడిగిన ప్రశ్నలు

ప్రసంగానంతరము కొందరు రైతులు అడిగిన ప్రశ్నలు, నా జవాబులు ఇక్కడ ఇచ్చుచున్నాను.

ప్రశ్న: "ఏమయ్యా మాస్టారూ, మేం ముప్ఫయ్యేళ్ళ నుంచి డీజిలు గుడ్డతోనే తుడుస్తున్నాం. బండి నల్లత్రాచులా మెరుస్తుంది. దానికేమంటావు?"

జవాబు: మెరియుట నిజమే పెదనాన్నగారూ. అది రంగు మెరుపు కాదు, నూనె మెరుపు. సాయంకాలమునకు ఆ నూనెకు దుమ్మంతయు అంటుకొనును. మరునాడు ఆ దుమ్ముతోనే రుద్దుదురు. రబ్బరు భాగములు కూడ ఉబ్బి మెత్తబడును. కిరోసిను సంగతియు అంతే. పైగా నిప్పు భయము. తారు మచ్చ పోవుటకు కొంచెము అద్ది, వెంటనే షాంపూతో కడిగిన తప్పు లేదు. నిత్యము ఒళ్ళంతయు తుడుచుట తగదు.

ప్రశ్న: "పళ్ళు తోముకొనే పేస్టుతో గీతలు పోతాయని మా అబ్బాయి అంటున్నాడండీ."

జవాబు: పేస్టులో కూడ అరగదీయు పొడి యుండును, అందుచే చిన్నగీత మాసినట్లు కనిపించును. కాని అది పంటి గట్టితనమును బట్టి చేసినది, కారు రంగును బట్టి కాదు. చుట్టును మసక పడును. దానికంటె సన్నరకపు పాలిషు చిన్నసీసా మేలు.

ప్రశ్న: "చెట్టు కింద పెడితే పిట్టల రెట్టలు, ఎండలో పెడితే రంగు పోతోంది. ఎక్కడ పెట్టమంటారు?"

జవాబు: రేకుల పంచయో, తాటాకు పందిరియో అన్నిటికంటె మంచిది. అది లేనపుడు చెట్టునీడయే మేలు. కాని రెట్ట పడిననాడే తీయవలెను. రెట్టలో ఆమ్లగుణమున్నది. వేడి రేకుపై ఎండిన రంగులోనికి దిగి గుంట వేయును. ఎండిన రెట్టను గోటితో గీకక, తడిగుడ్డను పది నిమిషములు దానిమీద పరచి, మెత్తబడిన తరువాత ఎత్తివేయుడు. మైనము పెట్టిన బండికి ఈ బాధ తక్కువ.

ప్రశ్న: "కొత్తగా రంగు వేయించాను. ఎప్పుడు పాలిషు చేయాలి?"

జవాబు: కొత్త రంగు లోపలినుండి ఆరుటకు కాలము పట్టును. ఎన్ని దినములు ఆగవలెనో రంగువేసిన మేస్త్రిని అడిగి, అన్నిదినములు మైనము పెట్టకుడు. ఉత్త నీటితో కడుగుచుండుడు.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. పొడిగుడ్డతో దుమ్ము తుడువరాదు.
2. నీడలో, చల్లని రేకుమీద, రెండు బకెట్లతో కడుగవలెను.
3. గోరు తట్టుకొను గీతను రుద్ది పోగొట్టబోవరాదు.
4. సన్నరకముతో మొదలు, మడి కట్టి చూచిన తరువాతనే బండియంతట.
5. అంచులకు టేపు తప్పనిసరి.
6. పాలిషు సంవత్సరమునకొకసారి మించవలదు. మైనము రెండు మూడు నెలలకొకసారి.
7. ఎరువు మోసిననాడు, మందు కొట్టిననాడు బండి కడుగక నిద్రపోరాదు.

సోదరులారా, మా నాన్నగారు ఇప్పుడు పాత ట్రాక్టరు మరొకటి కొన్నారు. రంగు కొంత వెలిసియున్నది. నేను దానిని ఇంతవరకు పాలిషు చేయలేదు. కడిగి, మైనము పెట్టితిమి, అంతే. కొత్తదానివలె లేదు, కాని వానకు నీరు బొట్లుబొట్లుగా జారిపోవుచున్నది. మొన్న ఆయుధపూజనాడు నాన్నగారు బొట్టు పెట్టి, చేత్తో బానెట్టు నిమిరి, "ఇట్టా ఉండనీరా, చాలు" అన్నారు. మీ బండ్లకు కూడ ఆ మాట సరిపోవును.